పదో నంబరు చీటీ

మ్యాచ్ ఓడిపోయిన మూడో రోజున మా తమ్ముడు ఇంటికి వచ్చాడు. జట్టంతా అంతకు ముందు రోజే విమానం దిగి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. వాణ్ణి మాత్రం సరుకులు దించే గేటు నుంచి బయటికి తెచ్చి, ఒక హోటల్లో ఒక పూట ఉంచి, జనం పలచబడ్డాక పోలీసు జీపులో మా వీధి మలుపు దాకా తెచ్చి వదిలారు. అక్కడి నుంచి సంచీ భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. మూడంతస్తులు ఎక్కి, తలుపు తీసిన నాతో, "అక్కా, స్నానానికి నీళ్లున్నాయా?" అన్నాడు.

వాడు జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఆ ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగేళ్లు. నేను బడిలో లెక్కలు చెబుతాను. వాడు పెళ్లి చేసుకోలేదు. నేను చేసుకుని, తిరిగి వచ్చేశాను. అమ్మా, నేనూ, వాడూ ఒకే ఫ్లాటులో ఉండేవాళ్లం.

జరిగింది అందరికీ తెలిసిందే అయినా ఒకసారి చెప్పాలి. కప్పు పోటీల్లో క్వార్టర్ ఫైనల్. ఆట సమం అయింది. పెనాల్టీలు కొట్టాల్సి వచ్చింది. నాలుగేసి అయ్యాక ఐదో దెబ్బ మాది. అప్పటికి గోల్స్ సమం. ఇది తప్పితే వాళ్లది పైచేయి అవుతుంది. దేశమంతా కెప్టెన్ కోసం చూసింది. పదో నంబరు చొక్కా వేసుకునే కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుని మధ్యగీత దగ్గరే నిలబడ్డాడు. అతని పక్క నుంచి, పోటీలు మొదలైనప్పటి నుంచి ఒక్క గోలూ కొట్టని డిఫెండర్ ఒకడు నడిచి వెళ్లాడు. బంతి గోలు పైకమ్మీకి తగిలి వెనక్కి వచ్చింది. తరవాతి దెబ్బతో వాళ్లు గెలిచారు.

"కెప్టెన్‌ని ఎందుకు పంపలేదు?" అని విలేఖరులు అడిగారు.

"నిర్ణయం నాది. తప్పూ నాదే," అన్నాడు మా తమ్ముడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

దాంతో ఒక టీవీ చానెల్ వాళ్లు తెర మీద కుడి మూలన గడియారం పెట్టారు. కోచ్ సంజాయిషీ చెప్పక ఎన్ని గంటలయిందో అందులో తిరుగుతూ ఉండేది. వాతావరణం చెప్పేటప్పుడు కూడా దాన్ని తీయలేదు. దాని పక్కనే రోజూ ఒక మాజీ గోల్‌కీపర్ కూర్చుని, "ఇందులో అర్థం కానిదేముంది? కెప్టెన్‌కి వచ్చే పేరు చూసి కోచ్‌కి కుళ్లు. అంతే," అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పేవాడు.

అమ్మ ఊరుకునేది కాదు. టీవీకి ఎదురుగా మంచం లాక్కుని కూర్చుని అతనికి జవాబు చెప్పేది.

"నువ్వా మాట్లాడేది? కాళ్ల సందుల్లోంచి ఎన్ని వదిలావో నాకు గుర్తు లేదనుకున్నావా?"

"అమ్మా, అతనికి వినపడదు," అని నేనంటే, "పక్కింటివాళ్లకి వినపడుతుందిగా, చాలు," అనేది.

పక్కింటివాళ్లకి వినపడేది. కింద పాలవాడికి కూడా. అమ్మ నోట్లో మాట ఆగదు. సంతోషమైనా కోపమైనా మెట్ల దాకా వెళ్లాల్సిందే. ఆ పాలవాడే ఒకరోజు ప్యాకెట్లు ఇస్తూ, "టీచరుగారూ, మీ తమ్ముడుగారు ఇంట్లో కూడా అంతేనా? ఉప్పు డబ్బా ఎక్కడుందో అడిగినా నిర్ణయం నాది అంటారా?" అన్నాడు. నేను నవ్వాను. నవ్వకపోతే ఇంకా అడిగేవాడు.

బడిలో డ్రిల్లు మాస్టారు నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడమ్, తప్పుగా అనుకోకండి. మా అత్తగారు కూడా కెప్టెన్‌నే పంపేది. ఆవిడకి బంతి గుండ్రంగా ఉంటుందన్న సంగతి కూడా సరిగా తెలీదు," అన్నాడు. స్టాఫ్ రూమంతా కిందికి చూస్తూ నవ్వింది. తొమ్మిదో తరగతికి వెళితే బోర్డు మీద గోలు గీసి, దాని ముందు చేతులు కట్టుకున్న మనిషిని గీసి ఉంచారు. చెవులు పెద్దవిగా వేశారు. మా తమ్ముడివి నిజంగానే పెద్ద చెవులు. చెరిపేసి భిన్నాలు మొదలుపెట్టాను.

వాడు వచ్చిన మర్నాడు, పద్దెనిమిదో తారీకున, వాడి సంచీలో బట్టలు ఉతకడానికి తీశాను. ట్రాక్‌సూట్ లోపలి జేబులో ఒక కవరు ఉంది. తడిసిపోతుందని తీసి, నేను జవాబు పత్రాలు దిద్దుకుంటున్న బల్ల మీద పెట్టి తెరిచాను. పోస్టుకార్డులో సగం ఉండే తెల్ల చీటీలు. ఇరవై మూడు. ప్రతిదాని మీదా ఒక నంబరు, దాని కింద ఒకటి రెండు మాటలు. కొన్నిట్లో "కొడతాను" అని ఉంది. కొన్నిట్లో "కాలు నొప్పి, అయినా కొడతాను". డిఫెండర్ చీటీలో "ఎవరూ లేకపోతే నేను". పదో నంబరు చీటీలో పెద్ద అక్షరాలతో "వద్దు. దయచేసి నన్ను పిలవకండి" అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది.

ఆ చీటీని మళ్లీ ఒకసారి చదివాను. తరవాత ఏ కాగితానికైనా చేసే పనే దానికీ చేశాను. ఎర్ర పెన్నుతో పై మూలన ఆ రోజు తేదీ వేశాను. కరెంటు బిల్లు వచ్చినా, మందుల చీటీ వచ్చినా, పిల్లల పత్రం వచ్చినా చూసిన రోజు తేదీ వేయనిదే నా చెయ్యి ఊరుకోదు. వేశాక దాన్ని దిద్దిన పత్రాల మధ్య పెట్టి, మిగతా చీటీలున్న కవరు తీసుకుని వంటింట్లో ఉన్న వాడి దగ్గరికి వెళ్లాను.

"చూశావా?" అన్నాడు.

"చూశాను. ఏమిట్రా ఇది?"

"పెనాల్టీ ఎవరు కొడతారని అందరి ముందూ అడిగితే ఎవడూ కాదనడు. కాదనలేక వెళ్లినవాడు బంతిని ఆకాశంలోకి కొడతాడు. అందుకే ముందు రోజు తలో చీటీ ఇస్తాను. ఉన్నదున్నట్టు రాయమంటాను. రాసింది నాతోనే పోతుందని మాటిస్తాను. నాలుగేళ్లుగా ఇంతే."

"మరి వాడు వద్దన్నాడని చెప్పొచ్చు కదా. ఊరంతా నిన్ను..."

"మాటిచ్చానంటున్నాను కదా అక్కా."

"వాడు నోరు విప్పాలి కదా."

"భయపడ్డాడు. భయపడ్డానని నిజం రాశాడు. జట్టులో ఆ ధైర్యం ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారనుకున్నావు?" అని కవరు అందుకున్నాడు. "హోటల్లోనే చింపేవాణ్ణి. చెత్తబుట్టలో ఏరి అతికించుకుంటారు. నేను తాగిన కప్పు కూడా పట్టుకుపోయారు."

చీటీలన్నీ సన్నగా చింపి, సింకులో నీళ్లు పోసి, ముద్ద చేశాడు. లెక్కపెట్టలేదు. నేను ఇచ్చినది దేన్నీ వాడు లెక్కపెట్టుకోడు.

ఫుట్‌బాల్ సంఘం కమిటీ సోమవారం కూర్చుంటుందని కబురు వచ్చింది. కోచ్‌ని ఉంచాలా, తీసేయాలా అన్నది ఆ రోజు తేలుతుంది. వాడు ఆ సంగతి ఎత్తలేదు. కానీ రోజూ పొద్దున్నే లేచి, వచ్చే ఏడాది ఆటల కోసం నోటుబుక్కులో పేర్లు రాసుకునేవాడు, కొట్టేసేవాడు, మళ్లీ రాసుకునేవాడు. ఆ జట్టు తప్ప వాడికి ఇంకో బతుకు లేదు. అది నాకు తెలుసు.

గురువారం అమ్మ బీపీ మాత్రల కోసం మందుల షాపుకు వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చింది.

"మాత్రలేవమ్మా?"

"లేవన్నాడు."

"నిన్న నేను చూశాను, ఉన్నాయి."

అమ్మ చెప్పులు విప్పి, పక్కపక్కన సరిగ్గా పెట్టి, "కొడుకుని అలా కన్నందుకు ముందు నీకు సిగ్గుండాలి అన్నాడు. క్యూలో ఉన్నవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు. ఎప్పుడూ నా సంచీ పట్టుకునే ఆవిడ కూడా ఉంది," అంది. ఆ సాయంత్రం మాజీ గోల్‌కీపర్ ఏమన్నా అమ్మ జవాబు చెప్పలేదు.

మర్నాడు నేను కామెంటరీకి ఫోన్ చేశాను. కామెంటరీ నా దగ్గర చదువుకున్నవాడు. క్లాసులో జరిగేదంతా పక్కవాడికి చెబుతూ ఉండేవాడు కనక ఆ పేరు వచ్చింది. ఇప్పుడు గడియారం పెట్టిన ఆ చానెల్లోనే విలేఖరి. బడి వెనక జిరాక్సు షాపు దగ్గరికి రమ్మంటే పావుగంటలో వచ్చాడు.

"టీచర్, మీరు బాగా చిక్కిపోయారు."

"నువ్వు లావయ్యావు."

"మీరు ఆ రోజు నాకు లెక్కల్లో ముప్ఫై ఐదు వేసి గట్టెక్కించకపోతే ఇంత లావయ్యేవాణ్ణి కాదు టీచర్. నిజానికి ముప్ఫై ఒకటే వచ్చి ఉంటాయి."

"ముప్ఫై ఐదే వచ్చాయి. రానివి నేను వేయను," అని చీటీ తీసి ఇచ్చాను.

అతను చదివాడు. చదివి షాపులోవాళ్లు చూడకుండా వెనక్కి తిరిగాడు. "ఇది నిజమేనా టీచర్?"

"నిజం."

"కోచ్ గారికి తెలుసా?"

"తెలియదు. నా పేరు ఎక్కడా రాకూడదు."

"రాదు. మా అమ్మ మీద ఒట్టు."

నేను చేస్తున్నది తప్పని నాకు అనిపించలేదు. తప్పు మార్కులు పడ్డాయి, పత్రం తీసి చూపిస్తే సరిచేస్తారు అనుకున్నాను. నాకు తెలిసిన లోకంలో అలాగే జరిగేది.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు చీటీ టీవీలో వచ్చింది. మొదటి గంట నేను అనుకున్నట్టే జరిగింది. తెర మూలన గడియారం తీసేశారు. మాజీ గోల్‌కీపర్ నీళ్లు తాగాడు. అమ్మ మంచం మీద మఠం వేసుకుని కూర్చుని, "చూశావా, చూశావా," అంటూ నా మోకాలు చరిచింది. లేచి తలుపు తీసి మెట్ల మీదికి, "వాడిదేం తప్పు లేదట, చీటీ దొరికిందట," అని కేకేసి వచ్చింది.

మా తమ్ముడు గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వాడి ముఖం నేను చూడలేదు. చూడకుండా ఉండేలా కూర్చున్నాను.

నాలుగు గంటలకు మాజీ గోల్‌కీపర్ చీటీని పెద్దది చేయించాడు. "ఈ మూల చూడండి. ఎర్ర సిరాతో తేదీ ఉంది. మ్యాచ్ పద్నాలుగున జరిగింది. ఆటకు ముందు రోజు రాసిన చీటీ అంటున్నారు. మరి దీని మీద పద్దెనిమిది అని ఎందుకుంది? ఓడిపోయి, ఇంటికొచ్చి, తీరిగ్గా కూర్చుని తయారు చేశారండీ దీన్ని. పాపం, తేదీ మార్చడం మరిచిపోయారు."

వాళ్లంతా నవ్వారు. మరో పది నిమిషాలకు అన్ని చానెళ్లలోనూ ఆ మూలే కనిపించింది. ఎనిమిది కింది సున్నాను నేను ఎప్పుడూ కొంచెం పెద్దగా వేస్తాను. గోడంత తెర మీద అది ఇంకా పెద్దగా కనపడింది.

"అక్కా, ఇలా రా," అన్నాడు మా తమ్ముడు.

వాడి గదిలోకి వెళ్లాను. తలుపు వేశాడు.

"తేదీ వేశావు," అన్నాడు.

"నేను వెళ్లి చెబుతాను. ఆ తేదీ నాదనీ, చీటీ నిజమనీ చెబుతాను. నా పత్రాలన్నీ తీసుకెళ్లి చూపిస్తాను. నమ్ముతారు."

"నమ్ముతారు. నమ్మితే ఈ జనమంతా వాడింటి మీదికి వెళతారు. వాడికి ఇద్దరు పసిపిల్లలున్నారు అక్కా. మన తలుపు మీద పేడ కొట్టారు. అక్కడ ఇల్లే తగలబెడతారు. ఇక మిగతావాళ్లు నాకు రాసింది కూడా రేపో మాపో ఇలా వస్తుందని కూర్చుంటారు."

"మరి నువ్వు?"

"నా సంగతి సోమవారం ఎలాగూ అయిపోయేది."

"అయిపోయేది కాదు. ఉంచుతారేమో."

వాడు మంచం మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. ఇంట్లో ఎప్పుడూ బూట్లు వేసుకోడు. "ఎవరికి ఇచ్చావో నేను అడగను. అమ్మకి మాత్రం చెప్పకు. అమ్మకి చెబితే ఊరికి చెప్పినట్టే," అన్నాడు. నా మీద కోపం చూపించలేదు. చూపించి ఉంటే నేను ఇంకొంచెం వాదించేదాన్ని.

కిందికి దిగి గేటు దగ్గర నిలబడ్డాడు. బాల్కనీ నుంచి నేనూ అమ్మా చూశాం. ఇరవై మైకులు వాడి గడ్డం కిందికి వచ్చాయి.

"చీటీ నేనే రాశాను. తేదీ కూడా నేనే వేశాను. నా మీద పడ్డ మాట పోగొట్టుకోవాలని రాశాను. కెప్టెన్‌కి దీంతో ఏ సంబంధం లేదు," అన్నాడు. తప్పుల్లేకుండా, తడబడకుండా చెప్పాడు.

ఆ మైకుల్లో ఒకటి కామెంటరీది. అతను ఒక్కడే ఏ ప్రశ్నా అడగలేదు. ఇంకా చీకటి పడకముందే ఫోన్ చేశాడు.

"టీచర్, ఆయన చెప్పింది అబద్ధం కదా."

"నువ్వు ఒట్టేశావు," అన్నాను.

"వేశాను టీచర్. కానీ..."

"అయితే ఫోన్ పెట్టెయ్."

ఆదివారం కెప్టెన్ తెల్లచొక్కా వేసుకుని టీవీలోకి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సార్ మాకు తండ్రిలాంటివారు. నేను ఆయన్ని క్షమించేశాను," అన్నాడు. ఆ మాట తరవాత కాసేపు తల ఎత్తలేకపోయాడు. అతని పెద్ద మనసు గురించి మర్నాడు పేపర్లన్నీ రాశాయి.

సోమవారం కమిటీ వాణ్ణి తీసేసింది. దొంగ కాగితం సృష్టించినందుకు పదేళ్ల పాటు ఏ జట్టుకూ, బడి పిల్లల జట్టుకు కూడా, శిక్షణ ఇవ్వకూడదని ఉత్తర్వు వేసింది. వాడికి నలభై ఏడేళ్లు. నోటుబుక్కు తీసి బీరువా మీద పెట్టాడు. పొద్దున్నే లేచే అలవాటు పోలేదు. లేచి హాల్లో కుర్చీలో కూర్చునేవాడు.

అంతకు ముందు ఎగతాళి చేసినవాళ్లు ఇప్పుడు చేయడం మానేశారు. పాలవాడు ప్యాకెట్లు గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయేవాడు. డ్రిల్లు మాస్టారు నేను వస్తే రిజిస్టరు తెరిచేవాడు. బోర్డు మీద బొమ్మలు లేవు. జోకులున్నప్పుడు మేమింకా వాళ్లలో మనుషులమే అని అప్పుడు తెలిసింది.

అమ్మ వాణ్ణి ఒక్కసారే అడిగింది. అన్నం తింటూ అడిగింది.

"నిజంగా నువ్వే రాశావా చిన్నోడా?"

"అవునమ్మా."

"నీ పనికి ఇంకొకడి పేరు పెట్టావా?"

వాడు తల ఊపాడు. అమ్మ కంచం జరిపి, చెయ్యి కడుక్కోవడానికి లేచింది. ఆ రోజు నుంచి టీవీ పెట్టలేదు. మెట్ల మీదికి వెళ్లలేదు. ఎప్పుడూ ఎవరితోనో ఒకరితో మాట్లాడే మనిషి గోడ వైపు తిరిగి పడుకునేది. నెల తిరక్కుండానే ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాం.

ఆడవాళ్ల వార్డు. ఎనిమిది మంచాలు. అమ్మది కిటికీ పక్కది. చేర్చిన మూడో రోజు మధ్యాహ్నం మా తమ్ముడు మాత్రల కోసం కిందికి వెళ్లాడు. అమ్మ ముక్కుకున్న గొట్టం కొంచెం పక్కకి జరిపి నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మాయ్. నాకు నిజం చెప్పు. వాడే రాశాడా?"

పక్క మంచం మీది ఆమె మా వైపే తిరిగి ఉంది. ఆమె కొడుకు ఫోన్ చూసుకుంటున్నాడు. నర్సు ఇద్దరి అవతల సెలైన్ మారుస్తోంది. నేను నిజం చెబితే అమ్మ దాన్ని ఆపుకోలేదు. సాయంత్రానికి వార్డంతా, రాత్రికి ఊరంతా తెలుస్తుంది. అది అమ్మ తప్పు కాదు. సంతోషం అమ్మ నోట్లో ఎప్పుడూ ఆగలేదు. వాడు తన పేరుతో కొన్నది మొత్తం ఆ ఒక్క సంతోషంతో పోతుంది. అది పోనివ్వనా, అమ్మని ఇలాగే పోనివ్వనా అని ఆలోచించాను. అమ్మ వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి.

"వాడే అమ్మా," అన్నాను.

అమ్మ చెయ్యి వదిలేసింది. కిటికీ వైపు తిరిగి, "నేను పనికి పోతే వాణ్ణి పెంచింది నువ్వే. ఎక్కడ పాడైపోయాడే?" అంది.

"తెలీదమ్మా."

మా తమ్ముడు మాత్రలతో వచ్చాడు. ఫ్లాస్కులో వేడినీళ్లు గ్లాసులో పోసి, చల్లారాయో లేదో చూసి, అమ్మ పెదవుల దగ్గర పెట్టాడు. అమ్మ నోరు తెరవలేదు. వాణ్ణి చూడలేదు. నర్సుని పిలిచి, "కాస్త నువ్వు తాగించమ్మా," అంది.

వాడు గ్లాసు నర్సు చేతికి ఇచ్చి, ఆమెకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగాడు.

అమ్మ ఇంకో తొమ్మిది రోజులు బతికింది. ఆ తొమ్మిది రోజులూ వాడు నీళ్లు కాచి, చల్లార్చి, తెచ్చి నర్సుకే ఇచ్చాడు.